మర పోయిన చోట

పానా ఉన్నట్టుండి మెత్తబడింది. అప్పటిదాకా కొంచెం కొంచెంగా బిగుస్తూ వచ్చిన బోల్టు, "ఇంకొక్క పావు చుట్టు" అనుకుని మణికట్టు తిప్పగానే వెన్నలో గరిటెలా తిరిగింది. ఇప్పుడే సరిగా కూర్చుంటోందేమోనని నన్ను నేను మభ్యపెట్టుకుని మరో అర చుట్టు తిప్పాను. అదీ తిరిగింది. ఇక ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది తప్ప ఎక్కడా ఆగదని అర్థమయ్యేసరికి అరచేతులకు చెమట పట్టింది.

కారు 1990ల నాటి మారుతి 800. చేస్తున్నది చిన్న పని. థర్మోస్టాట్ మూత దగ్గర నీళ్లు చెమరుస్తుంటే విప్పి, గాస్కెట్ మార్చి, మళ్లీ బిగించడం. మూతకు ఉన్నవి రెండే బోల్టులు, పదో నంబరు పానాకు వచ్చేవి. గాస్కెట్ ఖరీదు ఒక పూట టిఫిను డబ్బులు, బోల్టుది అంతకన్నా తక్కువ. ఆ బోల్టు దిగే రంధ్రం మాత్రం ఇన్‌టేక్ మానిఫోల్డ్ అనే పెద్ద అల్యూమినియం పోతలో ఉంది. పాడైంది ఆ రంధ్రం.

బయటికి లాగి చూస్తే బోల్టు క్షేమంగానే ఉంది. దాని మరల సందుల్లో వెండితీగ లాంటిదేదో చుట్టుకుని ఉంది. గోటితో కొస పట్టి లాగితే చిన్న స్ప్రింగులా ఊడి వచ్చింది. అదే రంధ్రం లోపలి మర. గోడ నుంచి మొదలంటా తెగి, బోల్టును కరుచుకుని బయటికి వచ్చేసింది. పారేయబుద్ధి కాక అగ్గిపెట్టెలో వేసి దాచాను.

షెడ్డుల్లో దీన్ని "థ్రెడ్ పోయింది" అంటారు, "మర తినేసింది" అంటారు. "స్క్రూ స్లిప్పవుతోంది" అనే మాట మాత్రం రెండు వేరు వేరు జబ్బులకు వాడేస్తారు. మర పోతే స్క్రూ తిరుగుతుంది, బిగవదు. తలమీద గాడి అరిగిపోతే స్క్రూడ్రైవర్ తిరుగుతుంది, స్క్రూ కదలదు. ఆ వారంలో నాకు రెండూ తగిలాయి. అన్నట్టు, పిండిమరకూ మరమగ్గానికీ మరమేకుకూ మన భాషలో ఒకే మాట ఉండటం నాకు భలే నచ్చుతుంది. మరమ్మతుకు మాత్రం ఆ మరతో చుట్టరికం లేదు. అది ఉర్దూ మీదుగా అరబ్బీ నుంచి వచ్చిన మాట.

మర అంటే కొండకు చుట్టిన ఘాట్ రోడ్డు. అలిపిరి మెట్లదారిలో మోకాళ్ల పర్వతం దగ్గర ఎంతటివాడికైనా ఆయాసం వస్తుంది. బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కువ దూరం పోయి, అదే ఎత్తును నెమ్మదిగా ఎక్కుతుంది. పదో నంబరు పానాకు వచ్చే బోల్టు కాండం 6 మిల్లీమీటర్ల మందం, ఎం6 అంటారు. ఒక చుట్టు తిప్పితే మర వెంబడి దాదాపు 17 మిల్లీమీటర్ల ప్రయాణం. లోపలికి దిగేది 1 మిల్లీమీటరు. ఏటవాలు మూడున్నర డిగ్రీలు కూడా ఉండదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. ఎం6 బోల్టును సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగిస్తారు. జానెడు కన్నా పొట్టిగా, 15 సెంటీమీటర్లుండే పానా కొసన 7 కిలోల బరువు వేలాడదీసినంత బలం. రాపిడి అనేదే లేకపోతే ఆ కాస్త బలానికి బోల్టు 6,400 కిలోల బరువుతో సమానమైన లాగుడు పుట్టించేది. అంత రాదు. మనం పెట్టిన శ్రమలో సగం బోల్టు తల కింద రాపిడికీ, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం మరల మధ్య రాపిడికీ పోతుంది. నూటికి పది, పదిహేను వంతులు మాత్రమే లాగుడుగా మిగులుతుంది. మామూలు పొడి బోల్టుకు అది సుమారు 850 కిలోలు. మారుతి 800 మొత్తం బరువు 650 కిలోల చిల్లర. అంటే చిటికెన వేలి కన్నా సన్నటి బోల్టు, ఏడు కిలోల తోపుతో, ఆ కారునే ఎత్తగలిగినంత బలంగా మూతను అదిమి పడుతోంది.

ఈ లాగుడుకు బోల్టు కొద్దిగా సాగుతుంది, వెంట్రుకలో వంతు. సాగి, వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. ఆ ముడుచుకునే తత్వమే మూతను పట్టి ఉంచేది. బోల్టంటే గట్టి మేకు అని మనం అనుకుంటాం గానీ అది చాలా బిరుసైన స్ప్రింగు. రాపిడిని తిట్టుకోవాల్సిన పనీ లేదు. ఏటవాలు మూడున్నర డిగ్రీలే కావడం, రాపిడి అంతకన్నా బలంగా ఉండటం వల్లే బోల్టు తనంతట తాను వెనక్కి జారదు.

నా తప్పు ఎక్కడుందో ఈ లెక్కే చెప్పింది. బిగించే ముందు, మంచి పనే అనుకుని, బోల్టుకు గ్రీజు రాశాను. గ్రీజు రాపిడిని తగ్గిస్తుంది. తగ్గిన రాపిడి వంతు ఎక్కడికీ పోదు, లాగుడులో కలుస్తుంది. అదే చేతి బలానికి 850 కిలోలు కాస్తా 1,100 కిలోలు దాటిపోతాయి. చేతికి మాత్రం తేడా తెలియదు, ఎందుకంటే చేయి కొలిచేది తిప్పడానికి పట్టే బలాన్ని. లాగుడును కొలిచే ఇంద్రియం మనకు లేదు. పైగా ఇనుప నట్టులకు అలవాటైన చేయి ఆ పైన ఇంకో పావు చుట్టు కోరింది.

గ్రీజు రాయకూడదని కాదు. అల్యూమినియంలోకి ఉక్కు బోల్టు దిగేచోట ఏదో ఒక పూత ఉండి తీరాలి, కారణం తర్వాత చెబుతాను. రాసినప్పుడు బిగింపు నాలుగో వంతు తగ్గించాలి.

లోపల జరిగింది ఇంకొంచెం దగ్గరగా చూడాలి. రంధ్రంలో పది మరలుంటే బరువును పదీ సమానంగా పంచుకుంటాయని అనుకుంటాం. పంచుకోవు. తల వైపున్న మొదటి మర ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది. రెండోది అంతకన్నా తక్కువ, మూడోది ఇంకా తక్కువ. ఆరేడు మరలు దాటాక మిగిలినవి పేరుకే ఉంటాయి. బోల్టు సాగుతుంది, రంధ్రం గోడ నొక్కుకుంటుంది. దాంతో రెండింటి మరల మధ్య ఎడంలో కొంచెం తేడా వచ్చి, భారమంతా ముందువాటి మీద పడుతుంది. మొదటి మర లొంగితే ఆ బరువు రెండోదాని మీదికి, అది లొంగితే మూడోదాని మీదికి. చేద తాడులో పోగులు ఒక్కొక్కటే తెగినట్టు ఒకదాని వెంట ఒకటి పోతాయి. పానా ఉన్నట్టుండి మెత్తబడటానికి కారణం ఇదే.

మరి బోల్టు ఎందుకు బతికింది? చాలా బోల్టుల తలమీద 8.8 అనే అంకె పోసి ఉంటుంది. మొదటి 8 తెగే బలానికి గుర్తు, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు. చుక్క తర్వాతి 8, అందులో పది వంతులకు ఎనిమిది వంతుల దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందని చెబుతుంది. ఇంజన్ భాగాల పోత అల్యూమినియానికి ఆ బలంలో మూడో వంతు ఉంటే గొప్ప. అందుకే అల్యూమినియంలో బోల్టు మందానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల లోతు దాకా మర పట్టాలని లెక్క. ఎం6కు 9 నుంచి 12 మిల్లీమీటర్లు. పాత బోల్టు దొరకలేదని పొట్టిది వేసినా, రంధ్రం అడుగున మట్టి పేరుకుని బోల్టు పూర్తిగా దిగకపోయినా ఆ లోతు తగ్గిపోతుంది.

మామూలు ఇనుప నట్టును తయారుచేసేటప్పుడే, మర తెగేలోపు బోల్టు విరిగిపోయేలా దాని మందం నిర్ణయిస్తారు. ఇందులో మంచి యుక్తి ఉంది. విరిగిన బోల్టు కంటికి కనిపిస్తుంది. లోపల సగం తెగిన మర కనిపించదు, బిగిసే ఉన్నట్టు నటించి దారిలో మోసం చేస్తుంది. పైగా బోల్టు చవక. లొంగాల్సి వస్తే చవకది లొంగాలి, కనిపించేది లొంగాలి. పాత కార్లలో ఈ వరస తారుమారవుతుంది. చవక బోల్టు దర్జాగా ఉంటుంది, ఖరీదైన పోత గుల్లవుతుంది.

తారుమారు చేసేది సగం మన చేయి, సగం నీళ్లు. రెండు వేరు లోహాలు తడిలో తాకి ఉంటే చిన్న బ్యాటరీ తయారవుతుంది. అల్యూమినియం, ఉక్కు జతలో కరిగిపోయే వంతు అల్యూమినియానిది. థర్మోస్టాట్ మూత దగ్గర ఎప్పుడూ తడే. కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసే ఇళ్లలో ఇంకా అన్యాయం. బోల్టు చుట్టూ పేరుకున్న తెల్లటి పొడి ఆ కరుగుడు తాలూకు బూడిద. అది మరల మధ్య సిమెంటులా పట్టేస్తుంది. విప్పబోతే బోల్టు విరుగుతుంది, లేదా బలహీనపడిన మరను వెంట లాక్కుని వస్తుంది. కాకినాడ, విశాఖ, బందరు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన బండ్లకు ఈ జబ్బు ఒళ్లంతా ఉంటుంది. బోల్టుకు పూత కావాలన్నది ఇందుకే.

పట్టేసిన బోల్టుకు వేడి మంచి మందు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 100 డిగ్రీలు పెంచితే 6 మిల్లీమీటర్ల రంధ్రం బోల్టు కన్నా మైక్రాన్ల లెక్కన ఆరేడు మాత్రమే ఎక్కువ తెరుచుకుంటుంది. ఆ కాస్త కదలికకే తెల్లపొడి పగుళ్లిస్తుంది. వేడిగా ఉన్నప్పుడే కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి సందుల్లోకి పీల్చుకుపోతుంది. పెట్రోలు గొట్టాల దగ్గర మాత్రం ఈ వైద్యం వద్దు.

మానిఫోల్డ్ విప్పి లేత్ దగ్గరికి తీసుకెళ్లక తప్పలేదు. విప్పాలంటే దాని మీదున్న కార్బొరేటర్ తీయాలి. ఎలాగూ తీశాం కదా, దాని మూత విప్పి లోపల శుభ్రం చేద్దామనే బుద్ధి పుట్టింది. "ఎలాగూ" అనే మాట వినిపించినప్పుడు పానాలు డబ్బాలో పెట్టేయడం మేలని ఇప్పుడు తెలుసు. ఆ మూతకు ప్లస్ గాడి స్క్రూలుంటాయి. మూడు వచ్చాయి. నాలుగోదాని గాడిని నా స్క్రూడ్రైవర్ కొరికి గుంట చేసేసింది.

ప్లస్ గాడికి పేరు తెచ్చినవాడు అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్. అసలు ఆలోచన జాన్ థాంప్సన్ అనే మరొకతనిది, హక్కులు కొని మెరుగుపరిచింది ఫిలిప్స్. పేటెంట్లు 1936లో వచ్చాయి, త్వరలోనే కార్ల ఫ్యాక్టరీలు అందుకున్నాయి. గీత గాడి నుంచి స్క్రూడ్రైవర్ పక్కకు జారి రంగు గీకేస్తుంది. ప్లస్ గాడిలో అది తనంతట తాను నడిమికి సర్దుకుంటుంది, యంత్రంతో బిగించడానికి అదే కావాలి. సర్దుకోవడానికి గాడి గోడలు కొంచెం వాలుగా ఉండాలి. ఆ వాలే తర్వాతివాడి ప్రాణానికొస్తుంది. తిప్పే బలంలో కొంత ఆ వాలు మీద పైకి మళ్లి స్క్రూడ్రైవర్‌ను బయటికి నెట్టేస్తుంది. నెట్టిన ప్రతిసారీ గాడి అంచు కొంత చెక్కుకుపోతుంది.

నా తప్పు ఇంకొకటి ఉంది. ఆ కార్బొరేటర్ జపాన్ మికుని వంశానిది. పాత జపాన్ బండ్ల ప్లస్ స్క్రూలు ఫిలిప్స్ గాడిలా కనిపిస్తాయి, కొలతలు వేరు. వాటి జపాన్ ప్రమాణాన్ని జె.ఐ.ఎస్. అంటారు. చాలా వాటి తలమీద ఒక మూల చిన్న చుక్క గుంట ఉంటుంది. ఫిలిప్స్ ముక్కు ఆ గాడిలో అడుగుదాకా దిగదు, భుజాల దగ్గర ఆగిపోతుంది. పైపైన పట్టుకుని తిప్పితే ఇంకేమవుతుంది? బజారులో దొరికే స్క్రూడ్రైవర్లలో ఎక్కువ ఫిలిప్స్ తరహావే. ఆ చుక్క నేనూ స్క్రూ పాడయ్యాకే చూశాను.

గాడి అరిగిన స్క్రూకు నేను నమ్మే వైద్యం ఇంపాక్ట్ డ్రైవర్. లావుపాటి ఉక్కు పిడి, దాని లోపల ఏటవాలు మెట్టు. వెనక సుత్తితో కొడితే ఆ దెబ్బ రెండుగా చీలి, స్క్రూను లోపలికి అదుముతూనే కాస్త తిప్పుతుంది. పైకి నెట్టే బలాన్ని సుత్తి దెబ్బ అణిచేస్తుంది, దెబ్బ అదురుకు తుప్పు పట్టు కూడా వదులుతుంది. కానీ కార్బొరేటర్ మీద దాన్ని వాడితే పోత పగులుతుంది. తలుపు చట్రం మీది లావుపాటి స్క్రూలకది సరి. ఇక్కడ వాల్వు రుద్దే పేస్టు, ఆ గరుకు గుజ్జు, సరైన కొలత ముక్కుకు కొంచెం పూసి, మీద ఒళ్లంతా బరువు వేసి తిప్పితే స్క్రూ టక్కుమని వదిలింది. వదలకపోతే రంపపు బ్లేడుతో తలమీద గీత కోసి మామూలు స్క్రూడ్రైవర్ పెట్టేవాడిని. ఎడమ మర ఉండే ఎక్స్‌ట్రాక్టర్ల జోలికి మాత్రం పోను. అవి బిరుసు ఉక్కు. సన్న బోల్టులో విరిగి ఉండిపోతే ఇంటి డ్రిల్లు వాటి మీద గీత కూడా పెట్టలేదు.

పాడైన స్క్రూల బదులు కొత్తవి కొనడం తేలికనిపిస్తుంది. హార్డ్‌వేర్ కొట్లో "పది ఎం.ఎం. బోల్టు" అనడిగితే చాలాసార్లు చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు దిగే ముతక మర ఇస్తారు. మారుతి లాంటి జపాన్ సంతతి కార్లలో పదికి వాడేది 1.25 మర. రెండు చుట్లు చేతితోనే దిగుతుంది, అక్కడ పట్టేస్తుంది. తుప్పేమోనని పానా వేస్తే మంచి రంధ్రం కాస్తా చెడుతుంది. కొత్త బోల్టు చేతివేళ్లతోనే చివరికంటా దిగాలి, దిగకపోతే అది ఆ రంధ్రానిది కాదు.

అంబాసిడర్ ఉన్నవాళ్ల కష్టాలు ఇంతకు రెట్టింపు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ కారు అంగుళాల లెక్కలో పుట్టింది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండుకు 55 డిగ్రీల మర ఇచ్చాడు. 1864లో విలియం సెల్లర్స్ అమెరికాకు 60 డిగ్రీలది ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకు పట్టక బాధపడి, 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా కలిసి ఉమ్మడి మర ఒప్పుకున్నాయి. అంబాసిడర్ పాత ఇంజనులో ఎక్కువగా ఉండేది అదే. 1990లలో అదే బండికి ఇసుజు ఇంజన్ వచ్చింది, మిల్లీమీటర్ల మరలతో. ఇప్పుడు కొన్ని బండ్లలో ఒళ్లు అంగుళాలది, గుండె మిల్లీమీటర్లది. పావు అంగుళం రంధ్రంలో ఎం6 వేస్తే సులువుగా దిగిపోతుంది, 0.35 మిల్లీమీటర్ల వదులుతో. బిగించగానే మర కొసల్ని గీరుకుంటూ ఊడుతుంది.

మోరిస్‌ల ఇంట ఈ గందరగోళం పాతదే. 1923లో విలియం మోరిస్, కోవెంట్రీలోని హోచ్‌కిస్ అనే ఫ్రెంచ్ కంపెనీ ఇంజన్ కర్మాగారాన్ని కొన్నాడు. అక్కడి యంత్రాలు మిల్లీమీటర్ల మర తప్ప కోయవు. యంత్రాలు మార్చడం ఖర్చు. బ్రిటిష్ మెకానిక్కుల పానాలన్నీ విట్‌వర్త్‌వి. దాంతో చాలా ఏళ్లు మోరిస్ ఇంజన్లలో ఫ్రెంచ్ మర మీద ఇంగ్లిష్ తల ఉన్న బోల్టులు వచ్చాయి.

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి మానిఫోల్డ్‌ను వెలుతురుకు పెట్టి రంధ్రంలోకి చూశాడు. "ఎనిమిదికి టాపు కొట్టి పెద్ద బోల్టు వేయమంటారా, కాయిల్ వేయమంటారా?" అన్నాడు. ఎనిమిదికి పెంచితే అంచున గోడ పలచనవుతుంది, మూతలో రంధ్రం కూడా పెంచాలి, రేపు విప్పేవాడికి రెండు రకాల బోల్టులు. ఎపాక్సీ ముద్ద కుక్కి బోల్టు పొదిగే పద్ధతిని ఆయన ఎత్తనే లేదు, మర్యాదస్తుడు. కాయిల్ వేయమన్నాను.

కాయిల్ అంటే హెలికాయిల్. అడ్డంగా కోసి చూస్తే వజ్రం ఆకారంలో ఉండే స్టెయిన్‌లెస్ తీగను స్ప్రింగులా చుట్టినది. అల్యూమినియంతో తేలికగా కట్టిన యుద్ధ విమానాల ఇంజన్లలో మరలు నిలబెట్టడానికి ఇది బాగా పనికొచ్చింది. మేస్త్రి ముందు 6.3 డ్రిల్లుతో పాత మర అవశేషాలు తీశాడు. డ్రిల్లుకు లోతు గుర్తుగా ఎర్ర టేపు ముక్క చుట్టి ఉంది. దీనికోసమే చేసిన టాపును గ్రీజులో ముంచి, ముందుకు అర చుట్టు, వెనక్కి పావు చుట్టు తిప్పుతూ దించాడు. రజను గ్రీజుకు అంటుకుని బయటికొచ్చింది. తీగచుట్టు మామూలుగా రంధ్రం కన్నా కాస్త లావుగా ఉంటుంది. కొసనున్న చిన్న అడ్డపుల్లను పట్టుకుని తిప్పితే సన్నబడి లోపలికి దిగుతుంది, వదలగానే విచ్చుకుని గోడలను అదిమి పడుతుంది. పై అంచుకు అర మర లోపలికి దించి, సన్న చువ్వతో ఒక్క పోటు పొడిచాడు. అడ్డపుల్ల టిక్కుమని విరిగింది.

ఇప్పుడు అల్యూమినియంలో కోసిన మర మందం 6 కాదు, 7 మిల్లీమీటర్లు దాటింది. పట్టు ప్రదేశం దాదాపు ఐదో వంతు పెరిగింది. పైగా తీగ స్ప్రింగు కాబట్టి కొంచెం సర్దుకుని, మొదటి మర మీది భారాన్ని వెనకవాటికి కూడా పంచుతుంది. మళ్లీ నేను పిచ్చిగా బిగిస్తే ఈసారి విరిగేది బోల్టే.

అగ్గిపెట్టె తీసి, ఊడివచ్చిన అల్యూమినియం తీగ చూపించాను. ఆయన దాన్ని కొత్త కాయిల్ పక్కన అరచేతిలో పెట్టుకుని నవ్వాడు. "రెండోదానికీ వేసేద్దామా సార్? అదీ దాని ఈడుదే."

గట్టిగానే ఉంది కదా అని వద్దన్నాను. ఇంటికొచ్చి గ్రీజు కొంచెమే రాసి, పానాను తల దగ్గరగా పట్టుకుని బిగించాను. ఇంజన్ వేడెక్కాక పై గొట్టం చేతికి చురుక్కుమంది, మూత చుట్టూ పొడిగానే ఉంది. రెండో బోల్టు మీద చేయి వేసి కాసేపు నిలబడి, పానా డబ్బాలో వేసేశాను.